చదివి వినిపించడమైనది

మా చిక్కడపల్లిలో ప్లీడర్లకు కొదవ లేదు, సిగ్గుకే కొదవ. ముప్పై ఏళ్లుగా నల్లకోటు వేసుకుంటున్న మనిషిని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. మా నాన్న సెక్రటేరియట్ ఉద్యోగంతో బెజవాడ నుంచి వచ్చి ఈ సందులో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటరు. గుమస్తా లేడు, నా కాగితాలు నేనే టైపు చేసుకుంటాను. ఇంకొకరు చేస్తే ఆ తప్పులు చూసి నాకు కోపం వస్తుంది. కోపం నాకు మామూలుగానే ఎక్కువ.

అమెరికాలో తల్లిదండ్రులు సోషల్ మీడియా కంపెనీల మీద దావాలు వేస్తున్నారన్న వార్త వచ్చింది. మా పిల్లలకు వ్యసనం అంటగట్టారు, నిద్ర పోయింది, చదువు పోయింది, మనసు పాడైంది, దీనికి మీరే బాధ్యులు అని. వార్త పేపర్లో పడ్డ వారానికే నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఏసీ గదిలో కూర్చునే మా తోటి ప్లీడరు ఒకాయనకు యువతరం మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంతకుముందు అతనికి చెక్కు బౌన్సు కేసులు, ఫ్లాటు తగాదాలు తప్ప లోకం తెలియదు. ఎన్నడూ తెరవని లావుపాటి పుస్తకాల ముందు నిలబడి ఒక రీల్ చేశాడు. "మీరు ఫోనుకు బానిసలయ్యారా? న్యాయం కావాలా? అయితే నన్ను ఫాలో అవ్వండి" అని. ఏ యాప్ మీద దావా వేస్తానన్నాడో ఆ యాప్‌లోనే పెట్టాడు. నాకు ఫోన్ చేసి, "అక్కా, మనోళ్లు ఎవ్వరు ముట్టని ఫీల్డ్ ఇది. ఆదివారం అశోక్‌నగర్‌ల మీటింగ్ పెట్టిన. జర నువ్వు గూడ రా," అన్నాడు.

వెళ్లాను. ఎదుటివాడి తెలివితక్కువతనం ఉచితంగా చూపిస్తానంటే మానుకునే మనిషిని కాను.

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తు హాలు. గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో నలుగురేసి ఉంటూ, పొద్దున లేస్తే నోటిఫికేషన్ ఎప్పుడా అని ఎదురుచూసే పిల్లలు. స్టేజీ మీద కోచింగ్ సెంటర్ యజమాని, ఏకాగ్రత గురించి ఉపన్యాసం. రోజుకు పది వీడియోలు పెట్టి ఆ పిల్లల ఫోన్లలో గంట కొట్టే మనిషి ఆయనే. కింద కూర్చున్న పిల్లలు ఆయన మాట వినడం లేదు, ఫోన్లు పైకెత్తి రికార్డు చేస్తున్నారు. తర్వాత మా ప్లీడరు మైకు అందుకుని రాజ్యాంగం, యువశక్తి, కార్పొరేట్ కుట్ర అన్నీ కలిపి ముద్ద చేశాడు. చివర్లో ఒక ఫారం పంచారు. పేరు, ఫోన్ నంబరు, రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారు. అంతే. మీకేం జరిగింది అని ఒక్క గడి లేదు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను.

మర్నాడు పొద్దున పదింటికి ఒక అమ్మాయి నా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయి. భుజాన పుస్తకాల సంచి, మెడలో రీడింగ్ రూం ఐడీ కార్డు.

"మేడం, నిన్న మీరు వెనక కూసొని నవ్విన్రు. అందుకే వచ్చిన," అంది.

"నవ్వినవాళ్ల దగ్గరికి ఎవరైనా వస్తారా?"

"నవ్విన్రంటె మీకు అది అబద్ధమని తెల్సినట్టే గద. నాది నిజం. జర వినుర్రి."

కూర్చోమన్నాను. ఆమెది జనగామ దాటాక ఒక ఊరు. తండ్రి దుబాయిలో కూలి. తల్లి ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. లాక్‌డౌన్‌లో ఇంటర్ క్లాసులు ఫోన్‌లోకి మారినప్పుడు ఆ తల్లే ఒక ఫోను కొనిచ్చింది. అప్పుడు పిల్లకు పదహారు. పాఠాల మధ్య ఖాళీలో స్నేహితురాళ్లు చెప్పిన యాప్ పెట్టుకుంది. పుట్టిన సంవత్సరం అడిగితే రెండేళ్లు వెనక్కి జరిపి, పద్దెనిమిది నిండినట్టు రాసింది. యాప్ ఇంకేమీ అడగలేదు. పిల్ల రాసిన దొంగ పుట్టినరోజును కళ్లు మూసుకుని నమ్మిన కంపెనీ, అదే పిల్లకు ఏది చూపిస్తే వేలు ఆగుతుందో మాత్రం వారంలో కనిపెట్టింది. ఇంత తెలివి, అంత అమాయకత్వం ఒకే బుర్రలో ఉంటాయంటే నమ్మడానికి చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోవాలి.

నారాయణగూడలో డిగ్రీ చదువుతూనే అశోక్‌నగర్‌లో రీడింగ్ రూం సీటు తీసుకుంది. ప్లైవుడ్ అడ్డాలు కట్టిన అర మీటరు బల్ల. అక్కడ కూర్చుని పుస్తకం తెరిస్తే, పేజీ సగంలో చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోతుందట. ఫోను మోగకపోయినా మోగినట్టు అనిపిస్తుందట. ఒక పేరా చదివి మూసేస్తే ఏం చదివిందో గుర్తుండదట. పరీక్ష హాల్లో ప్రశ్న మూడు లైన్లు దాటితే మొదటి లైను మరిచిపోయిందట. గవర్నమెంటు ఆస్పత్రిలో డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లి చూపించుకుంది. ఆ చీటీలు, మందుల పేర్లు, తేదీలు అన్నీ పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చింది. యాప్ తీసేసింది, మళ్లీ పెట్టుకుంది, తీసేసింది, పెట్టుకుంది. ఇలా ఎన్నిసార్లో ఒక నోటుబుక్కులో రాసుకుంది కూడా.

"నీకేం కావాలి? డబ్బా?"

"తప్పు నా ఒక్కదానిది కాదని ఎవరన్న రాసియ్యాలె మేడం. కాయిదం మీద."

ముప్పై ఏళ్లలో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇంత సూటిగా అడిగిన మనిషి లేదు. ఒప్పుకున్నాను. దయతో ఒప్పుకున్నానని రాస్తే అది దొంగ అఫిడవిట్ అవుతుంది. నారాయణగూడ ఏసీ గది కంటే ముందు చిక్కడపల్లి ముందుగది ఈ కేసు వేసిందంటే ఆ ప్లీడరు మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

కంపెనీకి నోటీసు పంపాను. జవాబు రాదనుకున్నాను. నెల తర్వాత వచ్చింది, మందపాటి కట్ట. మొదటి పేజీలో ఊహించిందే. మా యాప్ ఉచితం, మీ క్లయింటు మాకు పైసా ఇవ్వలేదు, కాబట్టి ఆమె వినియోగదారు కాదు. దానికి సమాధానం నా దగ్గర ఉంది. ఫోను తల్లి పేరున కొన్నది, సిమ్ము తల్లి పేరున ఉంది, నెలనెలా డేటా రీచార్జి తల్లి చేస్తోంది. ఆ డేటా తింటున్నది మీ యాప్, దాని మీద ప్రకటనలు అమ్ముకుంటున్నది మీరు. తల్లిని మొదటి ఫిర్యాదుదారుగా నిలబెడితే సరి అనుకున్నాను. గెలుస్తుందో లేదో కాని, వాదించడానికి నిలబడే మాటే.

రెండో పేజీ తిప్పాను. అక్కడి నుంచి చివరి దాకా ఫోటోలు. ప్రతి ఫోటోలో తెరిచిన పుస్తకం, రంగు పెన్నుతో గీసిన గీతలు, పక్కన ఫోన్ తెర మీద స్టాప్‌వాచ్. పన్నెండు గంటల నాలుగు నిమిషాలు. పదకొండు గంటల యాభై. పన్నెండు గంటల ఇరవై. కింద "ఈ రోజు చదువు పూర్తి" అని రాత. రెండేళ్ల ఫోటోలు, తేదీల వారీగా, వరస తప్పకుండా. కంపెనీ జవాబు ఒకటే. రోజుకు ఏడెనిమిది గంటలు మా యాప్ లాక్కుందని మీ క్లయింటు అంటోంది, రోజుకు పన్నెండు గంటలు చదివానని మా యాప్‌లోనే ఆమె ప్రకటించింది. పన్నెండు, ఎనిమిది ఇరవై. మరి ఆమె తిన్నది, పడుకున్నది, కాలేజీకి వెళ్లింది ఎప్పుడు?

ఒళ్లు మండిపోయింది. అమ్మాయిని పిలిపించి ఆ కట్ట బల్ల మీద పడేశాను.

"ఇదేంది? నన్ను వెర్రిదాన్ని చేద్దామనుకున్నావా?"

కోపంలో నాక్కూడా వాళ్ల మాటే వచ్చింది. ఆమె ఫోటోలు చూసింది. ఒక్కొక్కటీ తిప్పింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"అందరు పెడతరు మేడం," అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్లు ఆ పక్క వీధిలో ఉండి కూడా ఎరగని ఆచారం. రీడింగ్ రూములో కూర్చోగానే స్టాప్‌వాచ్ నొక్కాలి. లేచేటప్పుడు ఆపి, పక్కసీటువాళ్ల ఫోనుతో ఫోటో తీయించుకుని పెట్టాలి. పెట్టనివాడు చదవనట్టే. ఎవరు పదమూడు గంటలు, ఎవరు పద్నాలుగు అని ఒకరిది ఒకరు చూసుకోవాలి. స్టాప్‌వాచ్ ఉండేది అదే ఫోన్‌లో. దాన్ని నొక్కి, పక్కన పెట్టకుండా, అదే తెర మీద యాప్ తెరిస్తే వెనకాల గడియారం దాని పాటికి అది నడుస్తూనే ఉంటుంది. వేలు దాని పాటికి అది జరుగుతూనే ఉంటుంది. సాయంత్రానికి పన్నెండు గంటలు. ఎవరి కళ్లకూ అబద్ధం కాదు, గడియారం చూపిస్తోంది కదా.

"ఇంతసేపు ఏం చూసేదానివి? డాన్సులా, సినిమాలా?"

"కాదు మేడం. వేరేవాళ్లు చదువుకునే వీడియోలు."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఎవరో ర్యాంకు కొట్టిన అబ్బాయి పొద్దున ఎలా లేచాడో, ఎవరో అమ్మాయి ఏ పెన్నుతో గీస్తుందో, ఇంకెవరో కెమెరా ముందు మాట్లాడకుండా గంటల తరబడి ఎలా చదువుతున్నారో, ఇదంతా చూస్తూ కూర్చునేదట. చదువుతున్నట్టే అనిపించేదట. కంపెనీకి అది తెలిసి, చదువు మీద ఆశ ఉన్న పిల్లకు చదువు బొమ్మలే మేతగా వేసింది. సారా అమ్మేవాడికి కూడా ఇంత నీచమైన ఆలోచన రాదు. ఇక ఆ అశోక్‌నగర్ సంగతి సరేసరి. ఒక పేట మొత్తం కాకిలెక్కలు రాసుకుని, ఒకరికొకరు చూపించుకుని, వాటిని చూసి ఒకరికొకరు భయపడుతున్నారు. ఇంత చదువుకున్న మూర్ఖత్వం నేనెక్కడా చూడలేదు.

"సరే, ఇదంతా రాయాలి. స్టాప్‌వాచ్ సంగతి మనమే చెప్పేస్తే వాళ్ల నోట్లో మాట ఉండదు. రోజూ నిజంగా చదివింది ఎంత?"

"రెండు గంటలు. కొన్ని దినాలు అది గూడ లేదు." ఫోటోల కట్టను బోర్లా తిప్పి పెట్టింది. "కాని మేడం, అమ్మకు తెల్వదు."

తల్లికి రోజూ ఆ ఫోటో పంపేది. తల్లి దాన్ని తన స్టేటస్‌గా పెట్టుకునేది. బడిలో వంట దించాక హెడ్మాస్టరుకు, టీచర్లకు, తోటి వంటామెకు చూపించేది. నా బిడ్డ పన్నెండు గంటలు కూసుంటది సారు అని. ఆ ఫోటోలు చూసే ఊళ్లో ఇంకో ఇద్దరు తల్లులు తమ ఆడపిల్లల్ని హైదరాబాదు పంపారు. "మా నాయన ఫోన్ జేసినప్పుడు గూడ అమ్మ ఫస్టు గదే చెప్తది. అది అబద్ధమని తెలిస్తె ఆమె బడికి ఎట్ల పోతది?" అంది.

ఫిర్యాదు టైపు చేశాను, తల్లీ కూతుళ్లిద్దరూ సంతకం చేయాల్సిన ఒకే అఫిడవిట్ జోడించాను. అఫిడవిట్‌లో పదకొండో పేరా స్టాప్‌వాచ్ గురించి. అబద్ధం చెప్పిన పిల్ల తన అబద్ధాన్ని తానే ఒప్పుకుంటే దానికి ఉండే బలం వేరు, మొత్తం కేసు ఆ పేరా మీద నిలబడింది. అంతా ఇంగ్లీషులో. తల్లి ఐదో తరగతి దాకా చదివింది, తెలుగులో సంతకం చేస్తుంది. అలాంటివాళ్ల అఫిడవిట్ చివర ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. పై విషయాలన్నీ తెలుగులో చదివి వినిపించి, వివరించడమైనది, నిజమని ఒప్పుకుని సంతకం చేసినారు అని. ఆ వాక్యం నా కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎవరికీ చదవం. "ఎక్కడ పెట్టాలమ్మా" అంటారు, "ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇక్కడ" అంటాం. సంతకం పెట్టేవాళ్లకు బస్సు తొందర, మాకు ఇంకో క్లయింటు తొందర. మా వృత్తిలో రోజూ నిష్ఠగా చెప్పే అబద్ధం ఏదైనా ఉంటే అదే.

తల్లి వచ్చే ముందురోజు అమ్మాయి ఒక్కతే వచ్చింది.

"మేడం, ఒక్కటి అడుగుత. అమ్మకు పదకొండోది చదవకుర్రి."

"చదవాలి. రూలు."

"అందరికి చదువుతరా మీరు?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆమెకు అర్థమైపోయింది.

"కేసు అయినంక నేనే చెప్త. ఎవరన్న కాయిదం మీద రాసిచ్చినంక. గప్పుడు నా మాట నమ్ముతది. ఇప్పుడైతె ఒట్టి దొంగ అనుకుంటది."

"సరే చూద్దాం," అన్నాను. చూద్దాం అంటే ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ తెలుసు.

తల్లి పొద్దున బస్సుకు వచ్చి నారాయణగూడలో దిగి నడుచుకుంటూ వచ్చింది. నలభై దాటి ఉంటుంది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి, బయట వాన. చేతులకు కాలిన మచ్చలు, పెద్ద గిన్నెలు దించేవాళ్లకు ఉండేవి. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. బిడ్డ వైపు చూసి, "బక్కగైనవు," అంది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. "బాగ చదువుతది మేడం. పన్నెండు గంటలు కూసుంటది. ఇట్లాంటి పిల్లను గూడ గా ఫోను పరేషాన్ చేసిందంటె, చదవని పిల్లల గతేంది చెప్పుర్రి?"

అమ్మాయి నేలకేసి చూస్తోంది. నా చేతిలో కాగితాలున్నాయి. పదకొండో పేరా నాలుగో పేజీలో ఉంది. చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

"ఏం రాసిన్రు మేడం ఇండ్ల?" అని తల్లి తనే అడిగింది.

"ఫోన్ వల్ల మీ అమ్మాయికి జరిగిన నష్టం అంతా రాశానమ్మా. ఇక్కడ పెట్టండి. ఇక్కడ. ఇక్కడ కూడా."

ఆమె నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం విడిగా రాసింది. అమ్మాయి నా వైపు కృతజ్ఞతగా చూసింది. ఆ చూపు నాకు బాగానే ఉంది అప్పుడు. ఆ పిల్ల మీద జాలితో మానేశానని నాకు నేను చెప్పుకున్నాను. జాలి కొంత లేకపోలేదు. ఎక్కువ ఏమిటంటే, చదివితే ఆవిడ ఏడుస్తుంది, సంతకం పెట్టదు, లేచి వెళ్లిపోతుంది, నా కేసు పోతుంది. నా ముందుగదిలో ఒక తల్లి మొహం మారిపోవడం చూడాల్సి వస్తుంది. అది చూసే ధైర్యం నాకు లేదు.

ఫిర్యాదు వేశాం. దాన్ని విచారణకు తీసుకోవాలా వద్దా అన్నది తేల్చడానికి వినియోగదారుల కమిషన్ ఒక తేదీ ఇచ్చింది. తల్లీ కూతుళ్లిద్దరూ వచ్చారు. నారాయణగూడ ప్లీడరు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. అతని దగ్గర ఫారం నింపినవాళ్లెవరూ మళ్లీ కనిపించలేదట, నా కేసు ఏమవుతుందో చూసి తనది వేద్దామని. కంపెనీ తరఫున ఒక కుర్రప్లీడరు. మడత నలగని కోటు, మెత్తని గొంతు. అలాంటి మెత్తదనం నాకు చిన్నప్పటి నుంచి గిట్టదు.

ఉచితం కాబట్టి వినియోగదారు కాదు అన్న మాట అతను చెప్పాడు, డేటా మాట నేను చెప్పాను. అధ్యక్షులు పెద్దాయన, ఓపిగ్గా విన్నారు. నా మాట ఆయనకు ఎక్కుతోందని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆ కుర్రప్లీడరు లేచి, "సార్, ఒక చిన్న సందేహం. మొదటి ఫిర్యాదుదారుకు ఇంగ్లీషు రాదు. తాను దేని మీద సంతకం చేశారో ఆవిడకు తెలుసా?" అన్నాడు.

అధ్యక్షులు తల్లిని ముందుకు పిలిచారు.

"అమ్మా, ఈ కాగితాలు మీకు చదివి వినిపించారా?"

ఆవిడ నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, చటుక్కున, "వినిపించిన్రు సారు," అంది.

"ఏముంది వాటిల్లో?"

"ఫోను మంచిది కాదని."

ఎవరో నవ్వారు. వెనక నారాయణగూడ గొంతే అనుకుంటాను.

"పదకొండో పేరాలో ఏముందో చెప్పగలరా?" అని అధ్యక్షులు కాగితం తిప్పి అడిగారు.

ఆవిడ చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నా కోసం అబద్ధమాడి, ఆ అబద్ధాన్ని ఎలా నిలబెట్టాలో తెలియక చెమటలు కక్కుతోంది. నేను లేచి నిలబడాలి. లేవలేదు.

లేచింది అమ్మాయి. "సార్, మా అమ్మకు చదవలేదు. నేనే వద్దన్న. అండ్ల నేను చేసిన తప్పు ఉన్నది. అమ్మకు తెల్వదు."

అధ్యక్షులు కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "మరి కింద ఈ వాక్యం ఏమిటి మేడం?"

"తప్పే సార్," అన్నాను. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేను చెప్పిన అతి చిన్న వాదన అది. తల తీసేసినట్టయింది.

ఆయన కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. "ఈ అఫిడవిట్ చెల్లదు. కావాలంటే ఇప్పుడే చదివి వినిపించండి. విన్నాక ఆవిడకు ఇష్టమైతే మళ్లీ సంతకం చేస్తారు. లేకపోతే ఇక్కడితో సరి," అన్నారు.

నేను కాగితాలు తీసుకుని మొదటి పేరా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పది పేరాలు చెప్పాను. పదకొండు దగ్గర అమ్మాయి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఇంగ్లీషు వాక్యాల మీద వేలు పెట్టుకుంటూ, తల్లికి వాళ్ల మాటలో చెప్పింది. స్టాప్‌వాచ్ నొక్కిన సంగతి, నొక్కి యాప్ తెరిచిన సంగతి, ఇతరులు చదివే వీడియోలు చూసిన సంగతి, సాయంత్రం ఫోటో తీసి తల్లికి పంపిన సంగతి. ఒక్క రోజు కాదు, రెండేళ్లు. మధ్యలో ఆగలేదు. తన తప్పు తగ్గించీ చెప్పలేదు.

తల్లి చివరిదాకా వింది.

"మరి పన్నెండు గంటలు ఎవరు చదివిన్రు బిడ్డా?" అంది.

"ఎవ్వరు చదవలేదమ్మ."

"నేను బడిల అందరికి చూపెట్టిన."

"తెల్సమ్మ."

ఆవిడ బిడ్డను కొట్టలేదు, తిట్టలేదు. జుట్టు చెవి వెనక్కి సర్దింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. నేను ఏ మాటకైనా సిద్ధంగానే ఉన్నాను, నా కోపమంతా కూడగట్టుకుని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"మేడం, నా బిడ్డ చిన్నది, భయపడ్డది. మీరెందుకు భయపడ్డరు?"

ఆవిడ కాగితం బల్ల మీద పరిచి పెన్ను అడిగింది. ఇచ్చాను. ఎక్కడ పెట్టాలో ఈసారి నన్ను అడగలేదు. పదకొండో పేరా ఎక్కడుందో బిడ్డను చూపించమని, దాని మీద ఒకసారి చెయ్యి ఆనించి, కింద సంతకం చేసింది.